పోటు వేళ పిట్టలు దిగే మా జాగా

సూరత్,
భాద్రపద బహుళ త్రయోదశి.

సంరక్షిత ప్రాంతాల విస్తరణ ప్రతిపాదనపై అభ్యంతరములు స్వీకరించు అధికారి గారి సముఖమునకు,

ఉధ్నా–భేస్తాన్ తెలుగు కుటుంబాల సంఘం కార్యదర్శి, రిటైర్డు గూడ్సు గార్డు గురుమూర్తి వ్రాసుకొను అర్జీ.

విషయం: ఖాడీ ఒడ్డున మా సంఘమునకు కేటాయించిన ఖాళీ స్థలమును మా సంఘమునకు కాకుండా చేసి, తమ సంరక్షిత ప్రాంతపు సరిహద్దు లోపల కలుపవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

విషయం చదివి తమరు కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చదివి ఉంటారు. అందులో తప్పు పడలేదు. పుష్కరకాలం అర్జీలు పెట్టి సంపాదించుకున్న స్థలాన్ని వెనక్కి తీసుకొమ్మని నేనే అడుగుతున్నాను. అలాగని ఊరికే తీసుకొమ్మనడం లేదు. ఎలా తీసుకోవాలో, తీసుకున్నాక ఎవరికి ఉంచాలో, ఎవరి చేతికి పోనివ్వకూడదో కూడా చెప్పదలచాను. అందువల్ల ఈ అర్జీ పొడుగైంది, క్షమించవలెను.

ముందుగా భాష సంగతి. నియమం ప్రకారం గుజరాతీ ప్రతిని కౌంటరులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. అందులో తప్పులు లేవు, ప్రాణమూ లేదు. తమరు అనకాపల్లి వైపు వారని తమ కార్యాలయపు డ్రైవరు చెప్పగా తెలిసింది. గుజరాతీలో నేను కూరగాయలు బేరమాడగలను, సెలవు అడగగలను, ఫిర్యాదు కూడా చేయగలను. బాధ మాత్రం నాకు తెలుగులోనే వస్తుంది. కనుక ఈ ప్రతిని విడిగా తమ చేతికి సమర్పించుకొంటున్నాను.

1. మా సంఘంలో ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుండి వచ్చి ఉధ్నా, భేస్తాన్‌లలో సాంచాల మీద, అనగా పవర్‌లూముల మీద, పనిచేసే కుటుంబాల వారు. మిగిలిన కొద్దిమందిమి రైల్వే, బ్యాంకు, హజీరా ఫ్యాక్టరీల బాపతు. అర్జీలు రాసే పని మాది, కుర్చీలు మోసే పని వారిది. ఈ ఏర్పాటు న్యాయం కాదని నాకు తెలుసు గాని చాలాకాలంగా ఇలాగే నడుస్తోంది.

వారి ఆడవాళ్ళకు బతుకమ్మ పెద్ద పండుగ. భాద్రపద అమావాస్యనాడు మొదలై దుర్గాష్టమితో ముగుస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ ఊరంతా నవరాత్రుల గర్బా ఆడుతుంది. ప్రతి మైదానం, ప్రతి పార్టీ ప్లాటు, అనగా పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఖాళీ స్థలం, ప్రతి సొసైటీ ముంగిలి ఎప్పుడో బుక్కైపోయి ఉంటుంది. ఆ డీజే చప్పుడులో చప్పట్లు చరుస్తూ పాడుకునే ఆడవాళ్ళ గొంతు ఎవరికి వినిపిస్తుంది? ఒక ఏడు రైల్వే క్వార్టర్ల స్కూటర్ షెడ్డులో ఆడారు. ఒక ఏడు మంచినీళ్ళ ట్యాంకు కింద ఆడుతుంటే వాచ్‌మన్ వచ్చి లైటు తీసేశాడు. అప్పటినుంచి స్థలం కోసం అర్జీలు పెట్టడం మొదలుపెట్టాను. ఆఫీసర్లు మారారు, నా అర్జీ మారలేదు. చివరికి భేస్తాన్‌కు పడమట, ఖాడీ ఒడ్డున, ఎవరికీ అక్కర్లేని ఉప్పు నేల ఒకటి మాకు కేటాయించారు. ఖాడీ అంటే సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చి పోయే పాయ అని తమకు నేను చెప్పనక్కరలేదు. ఉత్తర్వు చేతికి వచ్చిననాడు గల్లీ గల్లీ తిరిగి నేనే మిఠాయి పంచాను.

2. సదరు ఉత్తర్వులో ఒక షరతు కలదు. రాబోవు దసరాలోగా స్థలము చుట్టూ ప్రహరీగోడ కట్టవలెను. కట్టనిచో కేటాయింపు రద్దగును. రద్దయిన స్థలము వరుసలో తరువాతి దరఖాస్తుదారునకు పోవును. ఆ తరువాతి దరఖాస్తుదారు పెళ్ళిళ్ళకు పార్టీ ప్లాట్లు నడిపే ఆసామి. ఈ నాలుగు ముక్కలూ తమరు దయచేసి మనసులో ఉంచుకోవాలి. నాకైతే అన్నం తింటున్నా ఇవే గుర్తొస్తున్నాయి.

3. పోయిన ఏడాది ఎంగిలిపూల బతుకమ్మను, అనగా మొదటిరోజు పండుగను, మా వాళ్ళు ఆ స్థలంలో మొదటిసారి ఆడారు. ఆడిన తరవాత బతుకమ్మను నీళ్ళలో వదలాలి. ఆటు వేళ ఖాడీలో మోకాలి లోతు బురద తప్ప నీళ్ళుండవు. కాబట్టి పోటు చూసుకొని వెళ్ళాలి. అమావాస్యకు పెద్ద పోటు, అదీ సాయంత్రం పూట. పండుగా అమావాస్యకే. పంచాంగం చూసి, ఖాడీలో చేపలు పట్టేవాళ్ళను అడిగి, వేళ నేనే పెట్టాను. చాలా తెలివైన పని చేశానని అనుకున్నాను.

టెంపోలు ఆగేసరికి ఆ నేల కనపడలేదు. నేలంతా పిట్టలే. బూడిదరంగువి, మట్టిరంగువి, పొడుగు ముక్కులవి, పొట్టి ముక్కులవి, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుకొని, అన్నీ గాలివైపే మొహం పెట్టి నిలబడి ఉన్నాయి. భేస్తాన్ ఆడవాళ్ళకు పెద్దదిక్కు సమ్మక్క గారు. ఆమె భర్త లింగంది సాంచాల మీద పని, ఆమెది ఇంటి దగ్గరే చీరలకు రాళ్ళు అంటించే పని. తల మీద బతుకమ్మతో టెంపో దిగి ఆమె అలాగే నిలబడిపోయారు.

"చూడుండ్రే, మన బతుకమ్మను చూడనొచ్చినయ్" అన్నారు.

ఆడవాళ్ళు నడిచి వెళ్ళేసరికి అన్నీ ఒక్కసారిగా లేచాయి. కాసేపు తిరిగి మళ్ళీ దిగబోయాయి. మేము మైకు పెట్టాము. మళ్ళీ లేచి ఖాడీ మీదికి వెళ్ళాయి. అక్కడ బురదంతా నీళ్ళ కింద ఉంది. మళ్ళీ ఇటు వచ్చాయి. ఆట సాగినంతసేపూ, పోటు తీసేదాకా, అలా తిరుగుతూనే ఉన్నాయి. కింద ఆడవాళ్ళు మాత్రం ఎంత సంతోషంగా ఆడారో చెప్పలేను. వాళ్ళ పాట వాళ్ళకు వినిపించడం ఈ ఊళ్ళో అదే మొదటిసారి. మా అమ్మాయి ఇందుజ ఒక్కతే పక్కకు వెళ్ళి, తల పైకెత్తి, కళ్ళు తుడుచుకొంటూ నిలబడింది.

4. సదరు ఇందుజ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి, ఒడ్డు పిట్టల మీద పరిశోధన చేయుచున్నది. ఆ పరిశోధన ఏమిటని నేను అంతవరకు అడిగిన పాపాన పోలేదు. దానికి ఉద్యోగం వస్తుందా అని మాత్రం అడిగేవాణ్ణి. ఆ రోజు ఇంటికి వచ్చాక అడిగాను.

"నాన్నా, అవి ఎక్కడో సైబీరియా నుంచి వస్తాయి. ఒంట్లో కొవ్వంతా దారిలోనే ఖతం. ఇక్కడ ఆటు వేళ బురదలో పురుగులు తిని బలం తెచ్చుకుంటాయి. పోటు వస్తే బురద మునిగిపోతుంది కదా, అప్పుడు దగ్గర్లోనే పొడిగా, ఖుల్లాగా ఉన్న నేల కావాలి. ఆరామ్‌గా నిలబడటానికి. చుట్టుపక్కల అన్నీ కట్టేశారు. మిగిలింది మన ప్లాటొక్కటే."

"ఇంకో చోటికి పోవచ్చుగా?"

"పోవచ్చు. అంత దూరం పోయి రావాలంటే తిన్నదంతా ఎగరడానికే సరిపోతుంది. కొన్నాళ్ళు చూసి ఈ బురదనే వదిలేస్తాయి. వేరే దేశాల్లో ఇలాగే అయింది, స్టడీలున్నాయి. తినే చోటు కాపాడి నిలబడే చోటు పోగొడితే, తినే చోటు కూడా పోయినట్టే."

"సరే, అక్కడ కడదామనుకున్న హాలు కట్టొద్దు. ఒక్క గోడ కట్టి వదిలేద్దాం. గోడ లోపల హాయిగా ఉంటాయి."

"గోడ ఉంటే దిగవు నాన్నా. వెనక కుక్క ఉందో ఏముందో కనపడదు కదా. నాలుగు వైపులా సాఫ్‌గా కనపడితేనే దిగుతాయి."

అయ్యా, నేను గూడ్సు గార్డుగా చేసినవాణ్ణి. డ్యూటీ దిగిన డ్రైవరుకు, గార్డుకు స్టేషన్లో రన్నింగ్ రూము ఉంటుంది. అక్కడ కాసేపు నడుం వాల్చకపోతే మళ్ళీ బండి ఎక్కలేము. పట్టాలెంత బాగున్నా, రన్నింగ్ రూము తీసేసిన లైను మీద బళ్ళు నడవవు. అమ్మాయి చెప్పింది నాకు అలా అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఈపాటికి గోడ లేచి ఉండేది, నేనూ సుఖంగా ఉండేవాణ్ణి.

ఆమె ఇచ్చిన శాస్త్ర పత్రాలను నిఘంటువు పక్కన పెట్టుకొని వేసవంతా చదివాను. తమకు తెలిసినవే అయినా, చదివానని తెలియడానికి మనవి చేస్తున్నాను. 2030 నాటికి నేలలో ముప్పై శాతం, సముద్రంలో ముప్పై శాతం కాపాడుకుందామని దేశాలన్నీ కూడి ఒప్పుకున్నాయి, మన దేశమూ అందులో ఉంది. ఒప్పుకున్నాక చాలాచోట్ల ముందుగా ఎవరికీ అక్కర్లేని భూమి చుట్టూ గీత గీస్తున్నారట. రాళ్ళ గుట్టలు, మంచు కొండలు, ఎడారులు. శాతం నిండుతుంది గాని, ప్రాణులు ఎక్కువగా ఉండే చోట్లు గీత బయటే మిగిలిపోతాయి, ఎందుకంటే అవి మనుషులకు కూడా కావాలి. వేట పూర్తిగా ఆపిన సముద్ర భాగాల్లో చేపలు పెరిగి పెద్దవై, గీత దాటి వచ్చి బయటివాళ్ళ వలల్లో కూడా పడుతున్నాయని అనేక చోట్ల తేలింది. నేలను ముక్కలు ముక్కలుగా, ఒకదానికొకటి సంబంధం లేకుండా కాపాడితే, ఆ ముక్కల్లో ఉన్నవి కూడా మెల్లగా తరిగిపోతాయి. అక్కడ బతికే మనుషుల మాట వినకుండా గీసిన గీతలు కాగితం మీదే ఉండిపోతాయి. ఈ చివరి సంగతి కూడా శాస్త్రంలోనే రాసి ఉండడం చూసి నాకు ఆశ్చర్యమేసింది. అది సంఘాల మీటింగుల్లో మాత్రమే తెలిసే సంగతి అనుకున్నాను.

5. ఇక తమ ముసాయిదా సంగతి. అందులో ఖాడీ బురదను, దాని అంచున ఉన్న మడ అడవిని సరిహద్దు లోపల పెట్టారు. సంతోషం. పోటు నీళ్ళు ఎంతవరకు వస్తాయో సరిగ్గా అక్కడ గీత ఆపేశారు. గీత అవతలే మా జాగా. దాని ఎదుట "బంజరు. జీవజాలం లేదు. కేటాయింపుపై అభ్యంతరం లేదు" అని వ్రాసి ఉన్నది.

ఎందుకు లేదని విచారించగా తేలినది ఇది. సర్వే చేసిన సలహాదారులు రెండు జట్లుగా వచ్చారు. సముద్రపు జట్టు బురదను చూసింది, నేల జట్టు మా జాగాను చూసింది. ఇద్దరూ ఒకే రోజు, ఆఫీసు వేళల్లో, పొద్దున పూట వచ్చారు. ఆ పూట ఆటు. పిట్టలన్నీ బురదలో తింటున్నాయి. సముద్రపు జట్టు అపారంగా ఉన్నాయని రాసుకుంది. నేల జట్టుకు నాలుగు మేకలు కనపడ్డాయి, అవి రాసుకుంది. మధ్యాహ్నం అందరూ కలిసి భోజనానికి వెళ్ళిపోయారు. పోటు వచ్చి పిట్టలు ఈ గట్టుకు చేరే వేళకు చూడడానికి ఎవరూ లేరు.

ఈ సంగతి విన్నవించుకోవడానికి కార్యాలయానికి వెళ్ళగా, సముద్రం బల్ల దగ్గరి గుమాస్తా గారు, గట్టెక్కిన పిట్ట మా కిందికి రాదన్నారు. నేల బల్ల దగ్గరి గుమాస్తా గారు, అవి సముద్రపు పిట్టలు కాబట్టి అటే అడగమన్నారు. రెండు బల్లల మధ్య ఒక ఫ్యాను ఉంది. దాని కింద నిలబడి నేను ఇద్దరికీ ఒకేసారి మనవి చేసుకున్నాను. ఇద్దరూ మర్యాదస్తులే. టీ కూడా తెప్పించారు.

6. కేటాయించిన స్థలంపై మూడో మనిషి అభ్యంతరం చెప్పాలంటే, కేటాయింపు పొందినవారి అనుమతి పత్రం జతచేయాలట. కేటాయింపు పొందిన సంఘం తరఫున సంతకం చేసేది నేనే. కనుక గురుమూర్తి అభ్యంతరం చెప్పుకొనుటకు గురుమూర్తికి ఎట్టి అభ్యంతరమును లేదని వ్రాసి, గురుమూర్తి సంతకం చేసి జతపరచడమైనది. నోటరీ గారు రెండుసార్లు నా మొహం చూశారు.

7. సంఘం సర్వసభ్య సమావేశంలో ఈ సంగతి పెట్టాను. ఆ రోజు జరిగింది రాయాలని లేదు, అయినా రాయాలి.

అధ్యక్షుడు పరుశురాం గారు సాంచాల మేస్త్రీ, మంచి మనిషి, ఈ స్థలం కోసం నాతో పాటు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కారో లెక్కలేదు. ఆయన నా మాట చివరిదాకా విన్నారు.

"సారూ, జర సాఫ్‌గ చెప్పుర్రి. జాగ మనం ఇడిసిపెడితే ఎవలకు పోతది?"

"వరుసలో తరవాతి వాళ్ళకు."

"అంటే పార్టీ ప్లాటోనికి. మనకూ లేదు, పిట్టలకూ లేదు. ఆడు ఫంక్షన్లు పెట్టుకుంటడు. గిదేం ముచ్చట సారూ?"

ఆ ప్రశ్నకు జవాబు తమ దగ్గర ఉంటుందనే ఈ అర్జీ. వెనక వరసలోంచి ఎవరో, కూతురి చదువు కోసం సంఘం జాగాను బలిపెడుతున్నాడన్నారు. దానికి నేను బాధపడలేదు. ఆ తర్వాత సమ్మక్క గారు లేచి నిలబడి అన్నదానికి బాధపడ్డాను. ఆమె కోపంగా కూడా అనలేదు.

"సారు మంచోడే. కాని గిది సారు పండుగ కాదు గద. వాళ్ళింట్ల బతుకమ్మ పేరుస్తరా? పేర్వరు. మనది కాని దాన్ని ఇచ్చుడు మస్తు అల్కగ ఉంటది. ఏండ్ల సంది గల్లీలల్ల ఆడినం, మోరీల కాడ ఆడినం. ఒక్క ఏడు, ఒక్కటే ఏడు, మా పాట మాకు ఇనవడ్డది. ఆ పిట్టలకు దేశాలున్నయ్. మాకేడున్నది జాగ?"

అయ్యా, మాది గుంటూరు జిల్లా. మా ఇంట్లో దసరాకు బొమ్మలు పెడతారు గాని బతుకమ్మ లేదు. ఆమె అన్నది ముమ్మాటికీ నిజం. ఇరవై పత్రాలు చదివినవాణ్ణి ఆ పత్రాలన్నీ మడిచి సంచీలో పెట్టుకున్నాను. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు గోడ పని మొదలుపెట్టాలని, కార్యదర్శికి ఇష్టం లేకపోతే తప్పుకోవాలని తీర్మానం అయింది. ఆ తీర్మానాన్ని మినిట్సులో రాసింది కూడా నేనే, ఎందుకంటే రాసే పని నాది.

ఇంటికొచ్చి ఇందుజ మీద అరిచాను. నీ పిట్టల వల్ల నేను ఎవరికీ కాకుండా పోయానన్నాను. "సమ్మక్క ఆంటీ చెప్పింది గలత్ కాదు నాన్నా" అంది. "మనం ఇచ్చేయకూడదు. వాళ్ళను అడగాలి. చూపించి అడగాలి."

8. పున్నమినాడు మళ్ళీ పెద్ద పోటు. ఇందుజ వెళ్ళి సమ్మక్క గారిని బతిమాలి తీసుకొచ్చింది. ముగ్గురం ఆటోలో వెళ్ళి, జాగాకు దూరంగా సర్కారు తుమ్మ చాటున నిలబడ్డాము. మేము వెళ్ళేసరికి నేల ఖాళీగా ఉంది. మేకలు కూడా లేవు. సమ్మక్క గారు నా వైపు చూసిన చూపుకు నేను ఇందుజ వైపు చూశాను. "ఆగండి, పోటు ఎక్కనీ" అంది అది.

ఖాడీలో నీళ్ళు ఎక్కుతున్నకొద్దీ గుంపులు గుంపులుగా రావడం మొదలైంది. ఎవరూ తరమలేదు, ఎవరూ పిలవలేదు. వచ్చి దిగడం, పక్కవాటికి చోటివ్వడం, గాలివైపు తిరగడం. కాసేపటికి ఆ ఉప్పు నేల ఎక్కడా కనపడలేదు. తర్వాత చప్పుడు ఆగిపోయింది. చాలా పిట్టలు ఒక కాలు పైకి ముడుచుకొని, ముక్కు రెక్కల్లో దాచుకొని, కళ్ళు మూసుకున్నాయి.

ఇందుజ తన బైనాక్యులర్ సమ్మక్క గారికి ఇచ్చింది. ఆమె చాలాసేపు చూశారు. చేతులు నొప్పి పుట్టి ఉంటాయి గాని దించలేదు.

"నిలవడే పండినయ్" అన్నారు చివరికి. "మా ఇంటాయన గిట్లనే పంటడు. పన్నెండు గంటల డ్యూటీల సాంచ ఆడుతనే ఉంటది, గీయన గోడకానుకొని కన్ను మూస్తడు. లేపితే ఏమైతదో తెల్సా బిడ్డా? ఒకసారి లేపితే మల్ల నిద్ర పట్టది. పొద్దంత ఒళ్ళు ఇరిగినట్టే ఉంటడు."

"అవును ఆంటీ" అంది ఇందుజ. "పోయినేడు మనం లేపాం."

సమ్మక్క గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో దారంతా బయటికి చూస్తూ కూర్చున్నారు. భేస్తాన్‌లో దిగేటప్పుడు మాత్రం నాతో అన్నారు.

"గోడ కట్టద్దు సారూ. ఆడోళ్ళకు నేను చెప్త. కాని నువ్వు రాసే కాయితంల మా పేర్లు రాయి. మేం కూడ చూసినమని రాయి. ఊకె ఇచ్చినమని రాయకు. మాకు ఇష్టముండి కాదు, చూసినంక కాదనలేక ఇస్తున్నమని రాయి."

రాశాను. భేస్తాన్ ఆడవాళ్ళ సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది. పరుశురాం గారు మాత్రం సంతకం ఇవ్వలేదు. ఆఫీసు వాళ్ళ మాట నమ్మి ఇంతవరకు బాగుపడినవాణ్ణి చూపించమన్నారు, చూపించలేకపోయాను. ఇటుకలు మాత్రం ఇంకా దించలేదు. తమ జవాబు వచ్చేదాకా పనిని ఆపి ఉంచుతామని, పాడ్యమి దాటితే మాత్రం తన చేతుల్లో లేదని చెప్పారు.

9. కావున ఈ క్రింది విధముగా ఉత్తర్వులు దయచేయింప ప్రార్థన.

మొట్టమొదట, ప్రహరీగోడ షరతును నిలుపుదల చేస్తూ ఒక ముక్క రాయించండి. ఒక్క వాక్యం చాలు, ముద్ర ఉంటే చాలు. అది లేనిదే తక్కినవన్నీ వృథా. గోడ కడితే పిట్టలు పోతాయి, కట్టకపోతే జాగా పార్టీ ప్లాటుకు పోతుంది, అప్పుడూ పిట్టలు పోతాయి. రెండు దార్లూ ఒకే చోటికి తీసుకుపోతున్నాయి.

తరువాత, మా జాగాను ముసాయిదా సరిహద్దు లోపల చేర్చాలి. చేర్చిన పిమ్మటనే మా కేటాయింపు రద్దు చేయాలి. ముందు రద్దు చేసి తరువాత చేరుస్తామంటే, ఆ మధ్య రోజుల్లో ఆ జాగా ఎవరిదై ఉంటుందో తమకూ తెలుసు, నాకూ తెలుసు.

సర్వేను ఒకసారి పోటు వేళ చేయించాలి. అందుకు ఆఫీసు వేళలు అడ్డమైతే, పోటు ఆఫీసు వేళల్లో వచ్చే రోజులు కూడా ఉంటాయి. ఆ రోజులేవో పంచాంగం చూసి నేను చెప్పగలను. టీ మా ఖర్చు.

మా ఆడవాళ్ళకు బదులు స్థలం ఇవ్వాలి. వినాయక నిమజ్జనానికని ఊళ్ళో కృత్రిమ చెరువులు తవ్వి, నిమజ్జనం కాగానే పూడ్చేస్తారు. వాటిలో ఒక్కటి, భేస్తాన్‌కు దగ్గరిది, చివరిరోజు సద్దుల బతుకమ్మ అయ్యేదాకా పూడ్చకుండా ఉంచితే దాని గట్టున వీళ్ళు ఆడుకుంటారు. నీళ్ళుంటాయి, పోటు చూడనక్కరలేదు, ఎవరి నిద్రా చెడదు. ఇది తమ శాఖ పని కాదని తెలుసు. తమరు ఒక ఉత్తరం రాస్తే చదువుతారు, నేను రాస్తే ఫైల్లో పెడతారు. ఈ ఏడాది వాటిని ఇప్పటికే పూడ్చేశారు, కనుక వచ్చే ఏడాదికి.

అయ్యా, అర్జీల చివర చిత్తగించవలెనని రాయడం ఆచారం. ఎన్నో అర్జీల్లో రాశాను, ఎవరెవరో చిత్తగించారు కూడా. ఈసారి తమరు చిత్తగించి ఊరుకుంటే సరిపోదు. ఎల్లుండి అమావాస్య, సాయంత్రం పెద్ద పోటు. ఆ సర్కారు తుమ్మ చాటున ఒక్కసారి నిలబడి చూడవలెను. అభ్యంతరం చెప్పినవాణ్ణి నేనే, అభ్యంతరం లేదన్నవాణ్ణీ నేనే. ఈ రెండింటి మధ్య నలిగిపోతున్న సంగతి మాత్రం ఫారములోని ఏ గడిలోనూ వ్రాయుటకు వీలు లేక ఇక్కడ వ్రాసుకొన్నాను.

తమ విధేయుడు,
ప్రస్తుతానికి కార్యదర్శి,
గురుమూర్తి

తా.క.: పై అర్జీని సమ్మక్క గారికి చదివి వినిపించాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. చివర తన మాటగా ఇంకొకటి చేర్చమన్నారు. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"ఆఫీసరు సారుకు సమ్మక్క దండాలు. ఈ యేడు మేం సాంచాల గల్లీలనే ఆడుతం. చెరువు లేదు, ఖాడీకి పోం. ఇంట్ల బట్టలు నానవెట్టే టబ్బుల నీళ్ళు పోసి అండ్లనే బతుకమ్మను ఏస్తం. మాకు బాధే. అయినా ఏస్తం. వచ్చే యేడు నేను ఆ జాగకు వోయి చూస్త. పిట్టలుంటే సప్పుడు చెయ్యకుండ ఇంటికొస్త. పెండ్లి పందిరి కనవడ్డదనుకో, ఆ టబ్బు తీస్కొని మీ ఆఫీసుకొస్త. మీ బల్ల మీదనే పెట్టి, బతుకమ్మను అండ్లనే ఏస్త."

ఆమె అన్నమాట తప్పడం నేనింతవరకు చూడలేదు. టబ్బు నీళ్ళతో సహా బరువుగా ఉంటుంది గనుక, ఒక పక్క నేను పట్టుకుంటాను.